ఇంటి కోత

“తువ్వాలు ఉడకబెట్టేవాళ్ళని ఎక్కడైనా చూశావా? అదేమన్నా దుంపా?” అన్నాడు ఆయన, గుమ్మంలో కూర్చుని పాదాలు రుద్దుకుంటూ.

“దుంపే నయం. నోరు మూసుకుని ఉడుకుతుంది,” అంది ఆమె పొయ్యి దగ్గర నుంచి.

“ఎంత మెత్తగా ఉండేది! ఇప్పుడు అట్టముక్కలా తయారైంది. భుజాన వేసుకుంటే మెడ గీరుకుపోతోంది.”

“మెత్తదనం కాదయ్యా అది, జిడ్డు.”

“ఇన్నేళ్ళూ లేని జిడ్డు ఇప్పుడెక్కడ నుంచి ఊడిపడింది?”

“ఇన్నేళ్ళదీ కలిపే ఊడిపడింది.”

మంచం మీద నుంచి అత్త అందుకుంది. “ఉడకబెడితే ఉడకబెట్టావు గానీ, స్నానాల నీళ్ళు కాచే గిన్నెలోనా? నిన్నంతా నా ఒళ్ళు మటన్ కొట్టు వాసన. ఈ వయసులో నన్ను కూడా కాటాలో పెడతావా ఏం?”

కోడలు నవ్వాపుకోలేక బుడ్డిదాన్ని చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు మాత్రం నవ్వలేదు. తండ్రితో పాటు పొద్దున్నుంచీ కొట్టులో నిలబడి వచ్చాడు. తువ్వాలు సంగతి తువ్వాలు సంగతి కాదని వాడికి తెలుసు.

మొన్న మొదలైన గొడవ అది. పూటకోసారి చల్లారుతుంది, మళ్ళీ ఎవరో ఒకరు కాస్త ఊదుతారు.

ఆ తువ్వాలుకి తెలియని పని లేదు. పొద్దున కొట్టు తెరిచింది మొదలు సాయంత్రం మూసేదాకా ఆయన ఎడమ భుజం మీదే దాని కాపురం. కత్తి తుడిచేది దానితోనే, చేతులు తుడుచుకునేది దానితోనే. మాంసం నరికే చెక్కమొద్దు తుడవడానికీ, కాటా పళ్ళెం తుడవడానికీ, మొహాన చెమట ఒత్తుకోవడానికీ అదే. ఒకసారి కొట్టు ముందు ఎవరి పిల్లాడో ఏడుస్తుంటే వాడి ముక్కు కూడా దానితోనే తుడిచి, వాళ్ళమ్మ చేత చల్లగా ఉండమని దీవెనలు కూడా అందుకున్నాడు. రోజూ సాయంత్రం దాన్ని చన్నీళ్ళలో జాడించి తీగ మీద వేసేది మాత్రం ఆమే. పెళ్ళైన నాటి నుంచీ జాడిస్తూనే ఉంది. మొన్న మాత్రం మనసు ఆగక మరిగే నీళ్ళలో సోడా వేసి అందులో పడేసింది. కాసేపటికి మూత తీసి చూస్తే నీళ్ళు ఏ రంగుకి తిరిగాయో, పైన ఏం తేలిందో ఆమె ఎవరికీ చెప్పలేదు. పెరట్లో పారబోసి, ఆ చోట మట్టి కప్పేసి వచ్చింది.

“అయినా దర్జీ పిల్ల ఆస్పత్రిలో పడింది మన మాంసం వల్లే అని ఎవరన్నారు?” ఆయన గొంతు తగ్గించాడు. అసలు మాట అప్పటికి బయటికొచ్చింది.

“ఎవరూ అనలేదు.”

“అనలేదు కదా! దర్జీ అన్నాడా? వాడి పెళ్ళాం అందా? డాక్టరు అన్నాడా? నీళ్ళో తిండో తెలీదన్నాడుగా. మరి గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, అడగకముందే నువ్వు తువ్వాళ్ళు ఉడకబెట్టుకుంటూ కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు?”

“అనకపోవడమే నన్ను తినేస్తోందయ్యా,” అందామె. అని పొయ్యి ఆర్పేసింది. కూర ఇంకా దగ్గరపడలేదని గుర్తొచ్చి మళ్ళీ వెలిగించింది.

బజారులో ఆమెని తూకమ్మ అంటారు. అసలు పేరు అత్తకి కూడా తడుముకుంటే గానీ గుర్తురాదు. మార్కెట్ రేకుల షెడ్డులో చివరి కొట్టు వాళ్ళది. మధ్యాహ్నం ఆయన అన్నం తిని కాస్త నడుం వాల్చే వేళకి ఆమె వెళ్ళి కాటా దగ్గర కూర్చుంటుంది. ముల్లు నడిమధ్యకి వచ్చి ఆగాక ఇంకొక చిన్న ముక్క తీసి పైన వేస్తుంది. ఆ చిన్న ముక్క కోసమే సగం బజారు ఆమె కూర్చునే వేళ చూసుకుని వస్తుందని ఆయన ఎగతాళి చేస్తాడు.

దర్జీ దుకాణం వాళ్ళ కొట్టుకి ఎదురువరసలో. అతని కూతురికి కాటా అంటే మహా సరదా. కొట్టు ముందు ఒక ఇటుక ఉంటుంది. దాని మీదకెక్కితే గానీ ఆ పిల్ల తల గట్టు పైకి కనపడదు. ఎక్కి, రెండు చేతులూ గట్టు మీద ఆనించి, పెద్ద ఆరిందాలా “సరిగ్గా తూచు తూకమ్మా! మా అమ్మ తిడుతుంది,” అంటుంది. “మీ అమ్మ తిట్టేది నన్నా నిన్నా?” అంటే, “ముందు నన్ను, తర్వాత నిన్ను,” అంటుంది.

పోయిన వారం ఒక మధ్యాహ్నం అలాగే వచ్చింది. ఖీమా కావాలంది. ఆయన ఇంకా నడుం వాల్చడానికి వెళ్ళలేదు, అప్పుడే ఎవరో పూటకూళ్ళవాళ్ళు అడిగిన బోటి కోసి పంపించాడు. పేగులు, పొట్ట అన్నీ ఆ మొద్దు మీదే. తువ్వాలుతో మొద్దు మీద ఒక్క తుడుపు తుడిచి, అదే కత్తితో, అదే మొద్దు మీద పిల్లకి ఖీమా కొట్టాడు. ఆమె తూచింది. ఒక చిన్న ముక్క పైన వేసింది కూడా. ఆ మర్నాటికి పిల్లకి కడుపులో నొప్పి. తర్వాత వాంతులు, జ్వరం. విరేచనాల్లో రక్తం పడుతోందని ఆస్పత్రిలో చేర్చారు.

ఆ రోజు ప్రత్యేకంగా చేసిన తప్పంటూ ఏమీ లేదు. రోజూ చేసేదే చేశాడు. అదే ఆమెకి నిద్ర పట్టనివ్వడం లేదు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాట ఎవరితోనైనా ఒట్టేసి చెప్తుంది. నిన్నటి మాంసం ఇవాళ అమ్మితే తన చెయ్యి పడిపోవాలని ఆయన అంటే, అది మాటవరసకి అన్న మాట కాదు. మిగిలిన ముక్కని కుక్కలకి వేస్తాడు గానీ మర్నాడు కొక్కేనికి తగిలించడు. రోగమున్న జీవాన్ని కొట్టు ఛాయలకి రానివ్వడు. “తాజా మాంసానికి రోగం ఎక్కడిదే?” అన్నది ఆయన తండ్రి నుంచి వచ్చిన మాట. తాజాదైతే చాలు. మిగతా శుభ్రమంతా ఉద్యోగస్తుల వేషం అని ఆయన నమ్మకం.

ఆమధ్య మార్కెట్ ఆఫీసువాళ్ళు మాంసం కొట్లవాళ్ళందరినీ పిలిచి పాఠం చెప్పారు. పశువుల డాక్టరమ్మ వచ్చింది. పేగులకి వేరే మొద్దు, మాంసానికి వేరే మొద్దు ఉండాలంది. కత్తులూ వేరే ఉండాలని, పూటకోసారి వేడినీళ్ళతో కడగాలని చెప్పింది. బకెట్లో నీళ్ళు మాంసం మీద చల్లొద్దంది. భుజం మీద గుడ్డ అసలే వద్దంది. ఈయన ముందు వరసలో కూర్చుని అన్నిటికీ తల ఊపాడు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాడు. తెల్ల ప్లాస్టిక్ ఏప్రనూ టోపీ ఇచ్చారు. రెండు రంగుల కోత పలకలు ఇచ్చారు. డాక్టరమ్మ పక్కన నిలబెట్టి ఫోటో తీశారు.

ఒక వారం కొట్టు పెళ్ళిల్లులా మెరిసింది. కొడుకు మొద్దు గీకి ఉప్పు రాశాడు. ఆమె ఇంటి నుంచి వేడినీళ్ళు మోసింది. పక్క కొట్టువాడు “ఏం బావా, ఆపరేషన్లు కూడా మొదలుపెట్టావా?” అని అడిగాడు. టోపీ పెట్టుకుంటే తల దురద పుడుతోందని మొదట టోపీ పోయింది. ఒక గిరాకీ రోజున వేడినీళ్ళు పోయాయి. తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటే వాటి దారి పట్టాయి. ఇప్పుడు ఏప్రను ఎవరైనా ఆఫీసువాళ్ళు వస్తే కనపడేలా మేకుకి వేలాడుతోంది. ఒక పలక నీళ్ళ డ్రమ్ము మీద మూత. రెండోదాన్ని అత్త తన మంచం కోడు కింద ఎత్తుకి పెట్టుకుంది. ఫోటో గోడ మీద ఉంది. అద్దం మీద ఈగలు వాలి, డాక్టరమ్మ మొహం మీద చుక్కలు చుక్కలు.

*

మర్నాడు పొద్దున్నే ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. పిల్లల వార్డులో కిటికీ పక్క మంచం. పిల్ల కళ్ళు మూసుకుని ఉంది. పెదాలు ఎండి పొరలు లేచాయి. చేతికి సూది కదలకుండా అట్టముక్క కట్టారు. ఇటుకెక్కి అజమాయిషీ చేసే చేతులు అవేనా అనిపించింది.

దర్జీ భార్య లేచి తన స్టూలు ఇచ్చింది. “కూర్చో అక్కా. రాత్రి కాస్త నయం. నీళ్ళు తాగింది.”

“నువ్వేమన్నా తిన్నావా?”

“ఏం తింటాను?” అని ఆమె పిల్ల కాళ్ళ మీద దుప్పటి సర్దింది. సర్దిందే మళ్ళీ సర్దింది. “అంతా నా చేతులారా చేసుకున్నానక్కా. ఆ రోజు ఖీమా సరిగ్గా ఉడకలేదేమో. ఇవ్వాల్సిన బట్టలున్నాయి, గుండీలు కుట్టాలి. తొందరలో దించేశాను. ఆకలి ఆకలి అని ప్రాణం తీస్తోందని ముందు దానికే పెట్టేశాను. మేమిద్దరం తర్వాత మళ్ళీ కాచుకుని తిన్నాం. మాకేం కాలేదు చూడు. ఇంక నేను కాక ఇంకెవరు?”

తూకమ్మ నోరు తెరిచింది.

“మీ కొట్టులో కాక ఇంకెక్కడైనా కొని ఉంటే, వాడిని అనుమానించేదాన్ని,” అంది దర్జీ భార్య. “మా ఆయనా అదే అన్నాడు. వాళ్ళ దగ్గర కొన్నది కాబట్టి మాంసంలో లోపం ఉండదు, నువ్వే ఏదో చేసుంటావు అన్నాడు.”

నాలుక దాకా వచ్చిన మాట వెనక్కి వెళ్ళిపోయింది. తెచ్చిన పళ్ళు మంచం పక్కన పెట్టి, పిల్ల నుదుటి మీద చెయ్యి వేసింది. ఆ చేత్తోనే కదా తూచి ఇచ్చింది అని వెంటనే తీసేసింది. దారంతా తనని తాను తిట్టుకుంటూ ఇంటికొచ్చింది. చెప్పని మాట ఒకటి గొంతులో ఎముకముక్కలా అడ్డం పడి ఉంటే, తిట్లు కూడా సరిగ్గా దిగవు.

ఇంటికొచ్చేసరికి పొద్దుటి డబ్బా వచ్చి ఉంది. మూత గట్టిగా బిగించిన స్టీలు డబ్బా. రోజూ కొట్టు తెరవగానే, ఇంకే బేరమూ ముట్టుకోకముందే, ఆయన ఇంటికి కావలసింది కోసి కొడుకు చేత పంపిస్తాడు. దాన్ని ఇంటి కోత అంటారు. మామగారి కాలం నుంచీ అదే పద్ధతి. ఆమె కాపురానికొచ్చిన కొత్తలో అది చూసి మురిసిపోయింది. బజారు బేరం కన్నా ఇల్లే ముందు అనుకునే మనుషులని పుట్టింటికి వెళ్ళి గొప్పలు కూడా చెప్పుకుంది.

కోడలు డబ్బా మూత తీసి మాంసం కడగబోతూ ఆగింది. కోడలు వచ్చింది ఇస్త్రీ పని చేసుకునే ఇంటి నుంచి. వచ్చి మూడేళ్ళైనా కొట్టు సంగతులు ఇంకా అడిగి తెలుసుకుంటూనే ఉంటుంది.

“అత్తయ్యా, ఎప్పటి నుంచో అడుగుదామనుకుంటున్నా. పొద్దున్నే మంచి ముక్కలన్నీ మనకే పంపించేస్తారెందుకు? అవి అమ్ముకుని, సాయంత్రం మిగిలినవి మనం తెచ్చుకోవచ్చుగా? మా ఇంట్లో అయితే బయటివాళ్ళ బట్టలన్నీ అయ్యాకే మావి.”

అత్త మంచం మీద నుంచి నవ్వింది. “పిచ్చిదానా, సాయంత్రం దాకా ఆ మొద్దు మీద ఏమేం కోస్తారో ఎవరికి తెలుసు? పేగులు, తలకాయలు, కాళ్ళు అన్నీ దాని మీదే. ఈగలు, దుమ్ము. మీ తాత అనేవాడు, పొద్దుటి కోత ఇంటికి, తర్వాత కోత బజారుకి అని. తెలివైనవాడు. ఆయనుండగా మన ఇంట్లో ఒక్క పిల్లకి కడుపునొప్పి రాలేదు.”

“ఓహో, అందుకా!” అని కోడలు డబ్బా వంచబోయింది.

“ఉండు,” అంది తూకమ్మ.

కోడలు తలెత్తి చూసింది.

“కడగకు. మూత పెట్టెయ్యి.”

ఆమె వచ్చి డబ్బా చేతిలోంచి తీసుకుంది. ఎర్రగా, పొడిగా, ఒక్క ఈగ వాలని మాంసం. ఇన్నేళ్ళుగా ఈ డబ్బా మూత తానే తీసింది, తానే కడిగి వండింది, బుడ్డిదాని నోటికి తానే అందించింది. ప్రేమ అనుకుంది. ప్రేమే, కాదనడానికి లేదు. కానీ మొద్దు మీద ఏముందో తెలిసినవాడి ప్రేమ. తెలియకపోతే పొద్దుటికీ మధ్యాహ్నానికీ తేడా చూడాల్సిన అవసరమేముంది?

“ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటారు,” అందామె ఎవరితోనో అన్నట్టు. “మనది ఎదురు సామెతే అత్తా.”

“ఏమంటోందే ఇది?” అంది ముసలామె కోడలితో.

*

మధ్యాహ్నం ఆమె డబ్బా పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. రేకుల కింద ఎండ సెగ కొడుతోంది. కొక్కేనికి ఒక తొడ మిగిలి ఉంది. బకెట్లో పొద్దున పట్టిన నీళ్ళు లేత గులాబీ రంగులోకి తిరిగాయి. ఆయన అందులో చెయ్యి ముంచి, వేళ్ళతో తొడ మీదకి చిలకరించాడు. మాంసం నిగనిగలాడింది. ఈగలు ఒక్కసారి లేచి మళ్ళీ వాలాయి. మొద్దు నడిమధ్యన, మామగారి కాలం నుంచీ పడిన గుంటలో, తడి ఇంకా ఆరలేదు. ఇవన్నీ రోజూ చూసేవే. పక్కింటివాళ్ళ సామాను చూసినట్టు చూసింది ఇవాళ.

“అన్నం తెచ్చావా? అదేమిటి, పొద్దుటి డబ్బా మళ్ళీ తెచ్చావేం?”

“ఇది అమ్మెయ్యి,” అని గట్టు మీద పెట్టింది. “అన్నం అబ్బాయి తెస్తాడులే, పంపించు వాణ్ణి.”

“నేనిక్కడే ఉంటానమ్మా,” అన్నాడు కొడుకు. ఏదో జరగబోతోందని వాడు పసిగట్టాడు.

“ఏమయ్యా, బుడ్డిదానికి గుప్పెడు ఖీమా కొట్టివ్వు.”

“రేపు పొద్దున పంపిస్తాలే.”

“ఇప్పుడు ఖాళీగానే ఉన్నావుగా.”

“ఇప్పుడొద్దు,” అన్నాడు ఆయన. ఎండలో తిరగొద్దు అన్నంత మామూలుగా అన్నాడు.

“ఎందుకొద్దు?”

ఆయన నోరు తెరిచాడు. కళ్ళు మొద్దు మీదకి వెళ్ళాయి. కొడుకు కత్తి నూరడం ఆపేశాడు.

“తాజా మాంసమేగా అది?” అందామె, తొడ వైపు చూపించి. “తాజాదానికి రోగం ఎక్కడిదని నువ్వే అంటావుగా. కొట్టు మరి.”

“ఇంటికి పొద్దుటి కోతే కదా. పద్ధతి అది. మా నాన్న...”

“పద్ధతి సంగతి నీ తల్లి ఇవాళ కోడలికి చెప్పింది. ఎందుకు పెట్టారో కూడా చెప్పింది. నువ్వు చెప్పు.”

“పసిపిల్లకేనే నువ్వడిగేది!” ఆయన గొంతు పెరిగింది. “తెలిసీ తెలిసీ...”

అక్కడ ఆగిపోయాడు. రేకుల మీద ఎక్కడో కాకి నడుస్తున్న చప్పుడు టకటకమని వినిపించింది.

“దర్జీ పిల్ల కూడా ఇటుకెక్కితే గానీ కనపడదయ్యా,” అందామె.

ఆయన మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకుంది. కొట్టులో ఆడదాని పెత్తనమేమిటని పక్క కొట్లు వినేలా అంటాడనుకుంది. దానికి జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఆయన అరవలేదు. అలవాటుగా భుజం మీద తువ్వాలు లాగి చేతులు తుడుచుకోబోయి, అది బిరుసుగా తగిలేసరికి దాని వంక చూస్తూ ఉండిపోయాడు.

అంతలో ఒకావిడ సంచీ పట్టుకుని వచ్చింది. “అర కిలో కొట్టన్నా. ఎముకలు తక్కువ.”

“అయిపోయిందమ్మా,” అన్నాడు ఆయన.

“అదేమిటి, ఎదురుగా వేలాడుతోందిగా!”

“అది... ఇచ్చేశాం. రేపు రండి.”

ఆవిడ తొడ వైపూ, ఆయన వైపూ, తూకమ్మ వైపూ చూసి, “మాకు అమ్మకూడదా ఏం?” అని గొణుక్కుంటూ పక్క కొట్టుకి వెళ్ళింది. వచ్చిన బేరాన్ని ఆయన వెనక్కి పంపడం తూకమ్మ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. గెలిచానన్న సంతోషం మాత్రం కలగలేదు. ఆవిడ పక్క కొట్టులో కొంటోంది. అక్కడా అదే బకెట్, అదే తువ్వాలు.

“ఇప్పుడు తృప్తేనా?” అన్నాడు ఆయన, తల తిప్పకుండానే. “మొద్దు గీకిస్తాను. వేడినీళ్ళు పోయిస్తాను. ఆ మేకు మీది బొంత కూడా కట్టుకుంటాను. చాలా?”

“ఆమధ్య కూడా గీకించావు.”

“అప్పుడు వేరు.”

“అప్పుడు వారమే నిలిచింది,” అంది ఆమె.

ఆమె ఇవాళ కాటా దగ్గర కూర్చోకుండా, సాయంత్రం దాకా ఆగకుండా నేరుగా ఆస్పత్రి దారి పట్టింది. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు.

పిల్ల కూర్చుని ఉంది. గిన్నెలోంచి గంజి చెంచాతో తాగుతోంది. ఆమెని చూసి నీరసంగా నవ్వింది. “తూకమ్మా, నేను బరువు తగ్గిపోయానంట,” అంది.

తూకమ్మ దర్జీ భార్యని చెయ్యి పట్టుకుని వార్డు బయటికి, బల్లలున్న చోటికి తీసుకెళ్ళింది. చెప్పింది. మొద్దు మీద ముందు పేగులు కోశారని, కడగకుండా తువ్వాలుతో తుడిచి ఖీమా కొట్టారని, తాను చూస్తూనే తూచి ఇచ్చానని. ఉడకడం ఒక్కటే కారణం కాదని, తనని తాను తిట్టుకోవద్దని కూడా చెప్పింది.

దర్జీ భార్య ఆమె మొహంలోకి చూసింది. “నీకు తెలుసా?” అంది.

“అప్పుడు తట్టలేదు. రోజూ చూసేదే కదా అని...”

“పొద్దున వచ్చావు. నేను అన్నవన్నీ విన్నావు. అప్పుడు?”

దర్జీ భార్య తన చెయ్యి ఆమె చేతిలోంచి తీసుకుంది. విసురుగా కాదు. తడి బట్ట తీగ మీద నుంచి తీసినట్టు మెల్లిగా తీసుకుని, “పిల్ల గంజి ఒలకబోస్తుంది,” అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు వేసుకోలేదు. వెనక్కీ చూడలేదు.

*

దీపాలు వెలిగే వేళకి అందరూ అన్నాలకి కూర్చున్నారు. గిన్నెలో కూరగాయలే. కొడుకు కంచంలోకి చూసి ఏదో అనబోయి మానేశాడు. అత్త మాత్రం మానలేదు. “ఏమిటివాళ కసాయి ఇంట్లో గడ్డీ గాదమూ? జీవాలన్నీ సమ్మె కట్టాయా?”

“నేను ఆస్పత్రికి వెళ్ళి దర్జీ భార్యకి అంతా చెప్పాను,” అంది తూకమ్మ, అన్నం వడ్డిస్తూ.

ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది. “ఏం చెప్పావు?”

“జరిగింది.”

“బజారంతా పాకుతుందే అది! రేపు మన కొట్టు మెట్టు ఎవరెక్కుతారు?”

“తెలీదు.”

“తెలీదా! కందకు లేని దురద కత్తికెందుకే? వాళ్ళు అడగలేదు, నువ్వెందుకు...” అని ఆపేశాడు. మధ్యాహ్నం తన నోటి నుంచి వచ్చిన మాట గుర్తొచ్చినట్టుంది. కాసేపు అన్నం కెలికి, “పిల్లకెలా ఉంది?” అన్నాడు.

“గంజి తాగుతోంది. బరువు తగ్గానంటోంది నాతో.”

బుడ్డిది అమ్మ ఒళ్ళోంచి చెయ్యి చాపి తాత కంచంలో మెతుకు అందుకోబోయింది.

“నేనొకటి అనుకున్నాను,” అంది తూకమ్మ. కూరలో ఉప్పు తగ్గిందని చెప్పే గొంతుతోనే అంది. “రేపటి నుంచి పొద్దుటి డబ్బా వద్దు. కొట్టు మూసే ముందు, ఆ మొద్దు మీద, ఆ కత్తితో ఆఖరున ఏది కోస్తే అదే ఇంటి కోత. నేనే తెచ్చి వండుతాను. నాకూ, మీకూ, అత్తకీ, బుడ్డిదానికీ అందరికీ అదే.”

“నీకు మతిపోయిందా?” అత్త మంచం మీద నుంచి లేచి కూర్చుంది. “పసిపిల్ల తిరిగే ఇల్లే ఇది!”

“దర్జీ ఇల్లు కూడా అదే అత్తా.”

“మొద్దు గీకిస్తానన్నాడుగా అమ్మా నాన్న,” అన్నాడు కొడుకు.

“గీకించనీ. వారం తర్వాత గీకించారో లేదో కంచంలో తెలుస్తుంది.”

కోడలు పిల్లని గుండెకి ఇంకాస్త దగ్గరగా లాక్కుంది. మామగారితో ఎదురుగా మాట్లాడడం ఆమెకి అలవాటు లేదు. ఏం కావాలన్నా అత్త చేత అడిగిస్తుంది. ఇప్పుడు మాత్రం తలెత్తి ఆయన వైపే చూసింది.

“మామయ్యా, పిల్లకి పెట్టనా మరి?”

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడుగుతోంది. ఆయన పెట్టమంటే పెడుతుంది, వద్దంటే మానేస్తుంది. ఆయన కోడలి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. పిల్ల వేళ్ళు ఆయన కంచం అంచు పట్టుకుని ఉన్నాయి. మధ్యాహ్నం నుంచీ ఆయన దాచుకున్న కోపం ఎటు పోవాలో తెలియక మొహంలో కాసేపు తిరిగి, చివరికి ఎక్కడో కూలబడినట్టైంది.

కంచంలో చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకోవడానికి భుజం తడుముకున్నాడు. తువ్వాలు లేదు. కొట్టులోనే వదిలేసి వచ్చినట్టున్నాడు. తడి చేతులు అలాగే మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

“అమ్మా, నీ మంచం కింద పలక తీసియ్యి,” అన్నాడు. “ఇటుక పెడతాలే దానికి.”

“ఇప్పుడా? ఎందుకురా?”

ఆయన ఎవరి వైపూ చూడలేదు. గొంతు చాలా చిన్నగా ఉంది, కొడుకు కాస్త ముందుకి వంగి వినాల్సి వచ్చింది.

“రేపు కొట్టు తియ్యడం లేదు,” అన్నాడు. “ఆఖరి కోత బుడ్డిదానికి పెట్టొచ్చు అనిపించేదాకా తియ్యను.”